అప్‌డేట్: రాగి కాణీలు ఇక కొనడం లేదు

అమ్మమ్మ పెట్టెలో దొరికిన కాణీలకు (పాత పావు అణా నాణేలకు) తోడు మరిన్ని కొని, రాగి ధర కోసం దాచవచ్చా అని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర తూకం వేయించాను. 1862 విక్టోరియా కాణీ దాదాపు ఆరున్నర గ్రాములు. కిలోకు సుమారు 155 కావాలి. 1943లో మొదలైన చిల్లు కాణీ రెండు గ్రాములే, అదీ కంచు. తుక్కు వ్యాపారి రెండింటినీ ఒకే గంపలో వేశాడు. నాణేలు అమ్మేవాళ్లేమో ఒక్కోదానికి రాగి విలువకు ఎన్నో రెట్లు అడుగుతున్నారు. ఇక లాభమెక్కడిది?

చిలుము పట్టిన ఒకదాన్ని చింతపండుతో తోమాను. రాణి ముఖం తళతళలాడింది. మీరెవరూ అలా చేయకండి, తోమిన నాణేనికి సేకర్తలు విలువ తగ్గిస్తారు.

ఉన్నవి మాత్రం అమ్మను. అమ్మమ్మ కొంగున ముడివేసుకున్న కాణీలు అవి.