నెల్లూరు రొట్టెల పండుగ: సంతాన రొట్టె ఎలా పట్టాలి?

కావలి_కోడలు: పెళ్ళై ఆరేళ్ళు. ఈ మొహర్రంకి బారాషహీద్ దర్గాకి వచ్చి సంతాన రొట్టె (బిడ్డలు కలిగినవాళ్ళు మొక్కు తీర్చుకుంటూ చెరువులో పంచే రొట్టె) పడతామని మొక్కుకున్నాం. ఏ రోజు రద్దీ తక్కువ? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి, నీళ్ళల్లోకి దిగి తీరాలా? మేం శివభక్తులం, దర్గాలో పద్ధతులేమైనా ఉన్నాయా?

పెన్నాగట్టు: రొట్టెలు మాత్రం అక్కడ కొనొద్దమ్మా. మావాడికి ఉద్యోగ రొట్టె పట్టిన ఏడాదే కొలువొచ్చింది. మరుసటేడు నా చేత్తో గోధుమపిండి కలిపి కాల్చి, స్వర్ణాల చెరువులో నిలబడి పంచాను. కొన్నదానికి ఫలం ఉండదు.

బెంగళూరు_బాబు: ఎవరు చెప్పారండీ? రాత్రంతా బస్సులో వచ్చేవాళ్ళం పొయ్యి ఎక్కడ పెట్టాలి? నాకు వీసా వచ్చాక గట్టు మీద కొనే పంచాను.

పెన్నాగట్టు: మొక్కు చెల్లించడమంటే డబ్బులిచ్చి చేతులు దులుపుకోవడం కాదు.

బెంగళూరు_బాబు: అక్కడ కాల్చి అమ్మే ఆడవాళ్ళది కష్టం కాదా? మాట జాగ్రత్త.

దర్గామిట్ట_పాతకాపు: ఇద్దరూ ఆగండి. ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు మీదే ఉండా. పెద్దలు చెప్పేది వినండి. ఆర్కాటు నవాబు భార్య జబ్బుపడితే, ఈ దర్గాలో సమాధులున్న షహీదులు, అంటే అమరవీరులు, ఒక రజక స్త్రీ కలలోకొచ్చి సమాధుల దగ్గర మట్టి నుదుట రాయమన్నారు. రాశారు, నయమైంది. నవాబు దంపతులు మొక్కు తీర్చుకోను వచ్చి, తినగా మిగిలిన రొట్టెలు పంచారు. అది ఎవరు కాల్చిన రొట్టెనో ఎవరడిగారు?

పెన్నాగట్టు: నవాబు కథ మాకూ తెలుసు. 2015లో ప్రభుత్వం రాష్ట్ర పండుగ చేశాక వచ్చే జనాన్ని చూసి మీరు మాట్లాడుతున్నారు.

దర్గామిట్ట_పాతకాపు: 2015కి ముందు కూడా ఇక్కడే ఉండా!

అనంత_కుళ్ళాయప్ప: అనంతపురం జిల్లా, మా గూగూడుకీ రండి. పీర్ల పండుగకి కుళ్ళాయిస్వామి పీరు దగ్గర హిందువులూ ముస్లిములూ కలిసే అగ్నిగుండం తొక్కుతారు, చక్కెర చదివిస్తారు. మా ఊళ్ళో హిందువులకీ కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లుంటాయి. నా పేరూ అదే.

వేదాయపాళెం_అక్క: అసలడిగిన పిల్లని వదిలేశారు. చెల్లీ, నేను మూడేళ్ళు వరసగా సంతాన రొట్టె పట్టాను. మొదటి రెండేళ్ళూ ఏమీ కాకపోతే మా ఆడబిడ్డ "నీకు నమ్మకం లేదు" అంది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. డాక్టరు దగ్గరికి పోవడం మానలేదు, రొట్టె పట్టడమూ మానలేదు. పాపకిప్పుడు నాలుగేళ్ళు. తలమీద చెంగు కప్పుకో, అంతే. ఏ దేవుడి బిడ్డవని ఎవరూ అడగరు. రెండో రోజు రాత్రి గంధం ఉత్సవం, జనం ఎక్కువ, ఆ రాత్రి మాత్రం పెద్దావిడని తీసుకుపోవద్దు.

బెంగళూరు_బాబు: అక్కా, మీరు పంచినవి కొన్నవా, కాల్చినవా?

వేదాయపాళెం_అక్క: ఇంట్లో పదకొండు కాల్చుకుపోయాను. చెయ్యి చాపినవాళ్ళు ఎక్కువై చాలక, గట్టు మీద ఇంకో పది కొన్నాను.

కావలి_కోడలు: అక్కా, ఏ గట్టు దగ్గర నిలబడ్డారో చెప్తారా? అక్కడికే వస్తాం.