అప్‌డేట్: అప్‌లోడ్ చేసిన పత్రాల్లో తెలుగు పదాలను వెతకడం

పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లలో ఒక పదం ఎక్కడుందో పీహెచ్‌పీ (వెబ్‌సైట్లకు వాడే ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టుతో వెతకడం ఎలాగని ఇంతకుముందు అడిగాను, ఇప్పుడది పనిచేస్తోంది. వెతికిన ప్రతిసారీ ఫైళ్లను తెరవకుండా, అప్‌లోడ్ కాగానే పాఠాన్ని బయటికి తీసి (పీడీఎఫ్‌కు పాప్లర్ అనే సాఫ్ట్‌వేర్‌లోని పీడీఎఫ్‌టుటెక్స్ట్ పరికరం, వర్డ్ వాడే డాక్స్ ఫైలుకు జిప్ విప్పితే దొరికే ఎక్స్‌ఎమ్‌ఎల్) ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పదాలను వెతకడానికి ఉన్న ఎఫ్‌టీఎస్5 పట్టికలో భద్రపరుస్తున్నాను.

అసలు చిక్కు తెలుగు లిపి దగ్గర వచ్చింది. ఎఫ్‌టీఎస్5లో పాఠాన్ని పదాలుగా విడగొట్టే యూనికోడ్61 టోకెనైజర్ మామూలుగా గుణింతపు గుర్తులను పదంలో భాగంగా లెక్కించదు కనుక, పదం ముక్కలైపోయి, ‘భూమి’ అని వెతికితే ‘భామ’ ఉన్న పత్రాలు కూడా వచ్చేవి. పట్టికను సృష్టించేటప్పుడే టోకెనైజర్ కేటగిరీస్ ఎంపికలో, గుణింతపు గుర్తులు చెందే ఎమ్‌ఎన్, ఎమ్‌సీ అనే యూనికోడ్ వర్గాలను చేర్చడంతో అది పూర్తిగా తీరింది. తెలుగు పత్రాలతో పనిచేసేవారు దీన్ని తప్పక గమనించాలని నా మనవి. ‘భూములు’, ‘భూమిని’ వంటి రూపాలకు ‘భూమ’ చివర నక్షత్రపు గుర్తు (*) చేర్చి వెతికితే చాలు. స్కాన్ పేజీలకు మాత్రం బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే టెసరాక్ట్ ఓసీఆర్‌ను జోడించాల్సి ఉంది.