కొండవీడు కింద గడ్డిలో ముదురు ఊదా పువ్వు, ఏంటిది?

గుంటూరు_నడక:
అందరికీ నమస్తే, మాది గుంటూరు బ్రాడీపేట. మొన్నాదివారం కొండవీడు వెళ్ళొస్తూ కింద గడ్డిబీడు దగ్గర బండి ఆపాం, వానకి నీళ్ళు నిలిచి చెప్పులు దిగబడిపోతున్నాయి, అక్కడ జానెడు మొక్కకి ఈ పువ్వు కనపడింది. ముదురు ఊదా, ఇంకాస్తయితే నలుపే. ఆరు రేకులు, దారప్పోగుల్లా సన్నంగా. రూపాయి బిళ్ళకన్నా చిన్న పువ్వు. ఆకు అచ్చం గడ్డే, పూయకపోతే తొక్కుకుంటూ పోయేవాళ్ళం. మా అమ్మమ్మ నేలతాడి అంటోంది. పేరు చెప్పండి ప్లీజ్, ఒకటి దుంపతో సహా తెచ్చి కుండీలో పెట్టుకోవాలనుంది.

బెజవాడ_బాబు:
కమెలైనా రకం ఏదో అనుకుంటా బ్రో, వానాకాలం కొండపల్లి వైపు కూడా గడ్డిలో నీలం పూలు చాలా ఉంటాయి.

మొక్కల_మాస్టారు:
కమెలైనా కాదు బాబూ, దానికి రేకులు మూడే, రక్షకపత్రాలు వేరుగా ఉంటాయి. ఇక్కడ ఆరూ ఒకేలా ఉన్నాయి చూడు. అమ్మమ్మగారు చెప్పిన నేలతాడికీ ఆరే గానీ అది పసుపు, పైగా దాని అండాశయం రేకుల కింద, ఆకుల మొదట్లో నేలలోపలే దాక్కుంటుంది. మీ రెండో ఫోటో, పక్కనుంచి తీసింది, అందులో అండాశయం రేకుల మొదలుకి పైన, పువ్వు మధ్యలో ఉంది. ఆకులు గడ్డిలా ఉండటం కూడా కలిపి చూస్తే ఇది ఇఫిజీనియా ఇండికా.

మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ దీన్ని 1771లో మెలాంథియం ఇండికం అన్నాడు, ఇఫిజీనియా అనే ప్రజాతిలోకి వచ్చింది 1843లో, కుంత్ అనే వృక్షశాస్త్రవేత్త పుస్తకంతో. మేం చదువుకున్నప్పుడు లిలియేసీ కుటుంబమని రాశాం, ఇప్పుడు కాల్చికేసీ. మన అడవినాభి లేదూ, మంటలా రేకులు పైకి లేచే పువ్వు, దానికి ఇది చుట్టం.

తవ్వొద్దండీ. దుంపలో కాల్చిసిన్ ఉంటుంది, విషం, ఇంట్లో పిల్లలుంటే మరీ ప్రమాదం. వానలు పోయాక ఆకు ఎండిపోయి మళ్ళీ వానలదాకా దుంప నేలలో నిద్రపోతుంది, కుండీలో రోజూ నీళ్ళు పోస్తే కుళ్ళిపోతుంది. దేశంలో ఇది మరీ అరుదేం కాదు, కానీ ఇలాంటి బీళ్ళని బంజరు అనేసి గ్రావెల్‌కి తవ్వుకుంటూ పోతే మన చుట్టుపక్కల ఎక్కడ మిగులుతుంది చెప్పండి? నాకు బాధగా ఉంటుంది.

గుంటూరు_నడక:
తవ్వను మాస్టారూ, అడవినాభి చుట్టమంటే అమ్మమ్మ కూడా వద్దంది. వచ్చే నెల వెళ్ళి కాయ ఫోటో తెస్తా. ఏం చూడాలి?

మొక్కల_మాస్టారు:
కాయ మూడు గదులుగా ఉంటుంది, ఎండి పగిలాక తీయండి. పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకండి.

గుంటూరు_నడక:
సరేనండి. లొకేషన్ ఇక్కడ పెట్టట్లేదు, మీకు విడిగా మెసేజ్ చేస్తా.