ఎండీ అయ్యాక టీచింగా, కార్పొరేటా?

ప్రశ్న: వైజాగ్ ఎస్సార్
జనరల్ మెడిసిన్ ఎండీ అయింది. సీనియర్ రెసిడెన్సీ (ఎస్సార్) ఇంకో రెండు నెలలే. తర్వాత గవర్నమెంట్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ పోస్టుకి అప్లై చేద్దామని నాకుంది. ఇంట్లో "కార్పొరేట్‌లో చేరు, అప్పు తీరుతుంది" అంటున్నారు. మామయ్యయితే పండక్కి అందరి ముందూ "పాఠాలు చెప్పుకోడానికా ఇన్నేళ్లు చదివింది?" అన్నాడు. వార్డులో పిల్లలకి కేసు చెప్పడం నాకిష్టమే. కానీ ఇరవై ఏళ్లు చెయ్యగలనా అని టెన్షన్. అందులో ఉన్నవాళ్లు నిజం చెప్పండి.

లాగ్‌బుక్ బాధితుడు
రూల్స్ వరకు నేను చెప్తా. ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) లెక్కన అసిస్టెంట్‌ నుంచి అసోసియేట్ ప్రొఫెసర్‌కి నాలుగేళ్లు, అక్కణ్ణుంచి ప్రొఫెసర్‌కి మూడేళ్లు. అసోసియేట్ కావాలంటే రెండు పబ్లికేషన్లు, మెడికల్ ఎడ్యుకేషన్ కోర్సు, రీసెర్చ్ కోర్సు ఉండాలి. 2019 బ్యాచ్‌తో కొత్త కరిక్యులం వచ్చాక లాగ్‌బుక్ (విద్యార్థి నేర్చుకున్న పనులు రాసే పుస్తకం) సంతకాలకే సాయంత్రం అయిపోతోంది.

రిటైర్డ్ మెడిసిన్
అమ్మా, ముందు మీ మామయ్యకి జవాబు. మెడికల్ కాలేజీలో పాఠం చెప్పేవాడు వైద్యం మానేసినవాడు కాదు. మన యూనిట్ ఓపీ రోజున ఒంటిగంట దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఆ రోజు అడ్మిషన్లన్నీ మనవే. మంచాలు చాలక కింద పరుపులు వేయించిన రోజులెన్నో. పాఠం ఆ పరుపుల మధ్యే.

ఒకసారి ఏజెన్సీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫైనలియర్ కుర్రాడు ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి "స్ప్లీన్ (ప్లీహం) తగలట్లేదు సర్" అన్నాడు. వాడి చెయ్యి స్ప్లీన్ మీదే ఉంది! అంత పెద్దదైతే అంచు అక్కడెందుకుంటుంది? వాడి చేతిని కుడివైపు పొత్తికడుపు దగ్గరికి జరిపి, పెద్దాయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా కొంచెం కొంచెంగా ఎడమ పైకి రమ్మన్నాను. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి అంచు వేలికి తగిలింది. వాడింకా నోరు తెరవకముందే పెద్దాయన "దొరికిందా బాబూ?" అన్నాడు.

విలియం ఆస్లర్ అనే డాక్టరు 1890లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విద్యార్థుల్ని లెక్చర్ హాల్లోంచి లేపి మంచాల దగ్గరికి తీసుకెళ్లాడు. అందుకే ఆయన్ని ఇంకా తలుచుకుంటాం.

చెడూ చెప్తాను. రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను, పేరొద్దు. ఇన్‌స్పెక్షన్ రోజున జబ్బు లేనివాళ్లని మంచాల మీద పడుకోబెట్టారు. దగ్గే లేనివాడి ఛాతీ మీద ఏం చెప్పను? నాలుగు నెలల్లో బయటికొచ్చేశాను. చేరేముందు బోర్డు కాదు, ఓపీ చూడు.

నీకు పడుతుందో లేదో తెలియాలంటే ఒక పని చెయ్యి. రాత్రి డ్యూటీలో ఒళ్లు హూనమై ఉన్నప్పుడు ఇంటర్న్ ఎక్స్‌రే తెస్తే, నువ్వే చదివేసి పంపిస్తావా, ట్యూబ్‌లైట్‌కేసి పెట్టి "నువ్వు చెప్పు" అంటావా? (ప్రాణం మీదికొచ్చిన కేసైతే ముందు వైద్యం, పాఠం తెల్లారాక.) పగలు ఓపికున్నప్పుడు ఎవరైనా చెప్తారు.

కార్పొరేట్ కన్సల్టెంట్
సర్ చెప్పింది నిజం. ఇక్కడా డీఎన్‌బీ (ఎండీ లాంటి పీజీ కోర్సు) పిల్లలున్నచోట టీచింగ్ ఉంటుంది, లేదనను. కాకపోతే నేనూ "రెండేళ్లు చేసి అప్పు తీర్చి వెళ్దాం" అనుకున్నా. అప్పు తీరింది. తర్వాత ఫ్లాట్ కొన్నాం. ఆరో ఏడు నడుస్తోంది.

వైజాగ్ ఎస్సార్
సర్, నిన్న రాత్రి రెండున్నరకి ఇంటర్న్ నిజంగానే ఎక్స్‌రే తెచ్చింది. చూడగానే "ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు), షీట్‌లో రాసెయ్" అనేశాను. గుమ్మం దాకా వెళ్లాక వెనక్కి పిలిచాను.

రిటైర్డ్ మెడిసిన్
ట్రాకియా (గాలిగొట్టం) ఎటు జరిగిందో అడిగావా?

వైజాగ్ ఎస్సార్
అడిగాను సర్. ఫిల్మ్ తిరగేసి పట్టుకుంది. ముందు అది సరిచేశాం.