పంట ఫొటోకి మెషిన్ జవాబిస్తే చాలా, మనిషి చూడాల్సిందేనా?

పల్నాటి మిర్చి:
మా నాన్న పల్నాడులో మూడెకరాల మిర్చి వేస్తాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయినేడాది ఆకులు ముడుచుకుంటున్నాయని ఫొటో పంపిస్తే నేనే ఒక యాప్‌లో పెట్టాను. పది సెకన్లు పట్టలేదు. "నల్లి. గంధకం పిచికారీ చేయండి" అని వచ్చింది, పక్కనే 92 శాతం నమ్మకం అని పచ్చ గీత కూడా. నాన్న రెండుసార్లు కొట్టించాడు. మందు డబ్బులు, కూలి డబ్బులు పోయాయి, పది రోజులూ పోయాయి. తీరా చూస్తే అది నల్లి కాదు, తామర పురుగు. గంధకం నల్లి మందు, తామర పురుగుకి కొడితే ఏమవుతుంది, ఏమీ కాదు.

యాప్ పేరు అనవసరం, ఏదైనా అలాగే చెప్పేదేమో. నా వాదన ఒక్కటే: ఇలాంటి సేవల్లో ప్రతి జవాబూ వ్యవసాయం చదివిన మనిషి చూసి సరే అన్నాకే రైతుకి వెళ్లాలి. కాదనేవాళ్లు చెప్పండి.

కోడ్ కాపరి:
కాదనేవాణ్ణి నేనున్నాను. ఇలాంటి సిస్టమ్స్ కట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

తెలంగాణలో ఒక ఏఈవోకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) దాదాపు 5,000 ఎకరాల క్లస్టర్. ఆ మనిషికి పంటల నమోదు ఉంటుంది, మీటింగులు ఉంటాయి, పైనుంచి అడిగే లెక్కలు ఉంటాయి. వాన వెలిసిన మర్నాడు అందరూ ఒకేసారి ఫొటోలు పెడితే అవన్నీ ఎవరు చూస్తారు? క్యూలో పెడితే జవాబు నాలుగో రోజు వస్తుంది. వరిలో సుడిదోమ పడితే నాలుగు రోజులు ఆగుతుందా? మీ నాన్నగారికి పడిన దెబ్బ నిజమే, కానీ ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు కూడా తప్పు జవాబే.

దారి ఒకటుంది. మెషిన్‌కి నమ్మకం 90 దాటితే అదే చెప్పేస్తుంది. తగ్గితే మనిషికి పంపుతుంది. మనిషి టైమ్ కష్టమైన కేసులకే ఖర్చవుతుంది.

పల్నాటి మిర్చి:
మాది 92 బాసూ. మీ లెక్కలో అసలు మనిషి దాకా వెళ్లేదే కాదు.

ఓరుగల్లు పత్తి:
మీరిద్దరు మెషిన్, సైంటిస్ట్ అని కొట్లాడుకుంటున్రు. మా ఊర్ల ఎక్స్‌పర్ట్ ఎవరంటే మందుల దుకాణమాయన. పొద్దుగాల ఆకు పట్టుకపోతే రెండు డబ్బాలు చేతుల పెడ్తడు, ఉద్దెర రాసుకుంటడు. పత్తి అమ్మినంక కడ్తం. మీ యాప్ ఉద్దెర ఇస్తదా?

ఇంకో ముచ్చట. ఒకపారి కిసాన్ కాల్ సెంటర్‌కు కొట్టిన, 1800-180-1551. అవుతలామె మందు పేరు చెప్పలే. ఎన్ని దినాల పంట, లేతాకా ముదురాకా, యూరియా ఎప్పుడేసినవ్, ఎంతేసినవ్ అని అడుగుడు పెట్టింది. నాలుగోది అడిగేటాల్లకు నాకే సమజైంది. యూరియా దండిగేసిన, పచ్చదోమ దిగింది. ఫొటోల యూరియా కనిపిస్తదా చెప్పున్రి.

పాత ఏవో:
ఏవోగా, అంటే మండల వ్యవసాయ అధికారిగా పనిచేసినవాణ్ణి, చెప్తున్నా: ఓరుగల్లు తమ్ముడు అసలు సంగతి పట్టుకున్నాడు. ముందు దుకాణం మాట. దుకాణదారుణ్ణి తీసిపారేయకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2003 నుంచి డీలర్ల కోసం 'దేశి' అని ఏడాది డిప్లొమా నడుపుతోంది, చదువుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చిక్కల్లా ఎక్కడంటే, చెప్పేవాడూ అమ్మేవాడూ ఒకడే అయితే ఒక డబ్బాతో పోయేచోట రెండు పోతాయి.

ఇక మెషిన్, మనిషి గొడవ. మన దగ్గర ఇది ఇప్పుడు పుట్టింది కాదు. 2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 'ఈ-సాగు' మొదలుపెట్టారు, వరంగల్ జిల్లా పత్తి చేలల్లో. ఊళ్లో కాస్త చదువుకున్న కుర్రాళ్లని కోఆర్డినేటర్లుగా పెట్టారు. వాళ్లు క్రమం తప్పకుండా చేలు తిరిగి ఫొటోలు తీసి, వివరాలు రాసుకునేవారు. అప్పట్లో పల్లెల్లో నెట్ ఎక్కడిది, ఫొటోలు సీడీల్లో హైదరాబాద్ వెళ్లేవి. అక్కడ వ్యవసాయ నిపుణులు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో చేనుకీ విడిగా సలహా రాసేవారు. రైతు అడిగేదాకా ఆగేవాళ్లు కాదు, అడక్కముందే సలహా వచ్చేది. అందరూ ఆ సాఫ్ట్‌వేర్ గురించే చెప్తారు గానీ, నన్నడిగితే ఆ పథకానికి ప్రాణం చేలో తిరిగిన కుర్రాడే. ఏ ఆకు తుంచాలో, ఎటువైపు ఫొటో తీయాలో వాడికి తెలుసు.

పల్నాటి మిర్చి గారూ, మీ నాన్నగారి ఫొటోలో ఆకు పైభాగమే ఉంది కదూ? అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, తామర పురుగు. బోర్లించిన పడవలా కిందికి ముడుచుకుంటే కింది ముడత, నల్లి. నిలువుగా పైనుంచి తీసిన ఫొటోలో ఈ రెంటికీ తేడా పోల్చుకోవడం నాకే కష్టం. పక్కనుంచి ఒకటి, ఆకు తిప్పి ఒకటి తీయమని ఆ యాప్ అడిగిందా?

పల్నాటి మిర్చి:
అడగలేదండీ. ఒకటే ఫొటో, పైనుంచి తీసిందే.

కోడ్ కాపరి:
ఒప్పుకుంటాను, ఈ కోణం నాకు తట్టలేదు. మేం మనిషిని ఎప్పుడూ చివర్లో పెడతాం, జవాబు తనిఖీ చేయడానికి. మీరు మొదట్లో, ఫొటో దగ్గర పెట్టమంటున్నారు. కానీ ఏవో గారూ, ఈ-సాగు లాంటి ప్రాజెక్టుకి ఎక్కడో ఒకచోట నుంచి నిధులొచ్చాయి. ఊరూరా కుర్రాణ్ణి పెడితే నెల తిరిగేసరికి జీతం ఎవరిస్తారు? ఇది తేలకుండా మిగతాదంతా మంచి మాటే.

పాత ఏవో:
దానికి నా దగ్గర జవాబు లేదు. రైతే కట్టాలంటే కట్టడు. దుకాణంలో సలహా ఉచితం, ఖరీదు డబ్బాలో కలిసిపోతుంది.

కానీ మీ 90 శాతం మీద మాత్రం నేను ఊరుకోను. 2021లో మిరపలో ఏం జరిగిందో గుర్తుందా? నల్ల తామర పురుగు. శాస్త్రీయంగా త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద చూశారు. ఆరేళ్ల తర్వాత గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరపని ఊడ్చేసింది. మామూలు తామర పురుగు లేతాకుల మీద ఉంటే ఇది ఎక్కువగా పువ్వులో దూరుతుంది. పాత పురుగుల ఫొటోలతో నేర్చిన మెషిన్ ఆ ఏడాది ఉంటే ఏం చెప్పేది? తామర పురుగే, 95 శాతం అనేది. కొత్తదాన్ని పాత పేరుతో ధైర్యంగా పిలిచేది. అదే నేనూ చేశాను మొదటి వారం, దాచడం ఎందుకు. చేలో నిలబడి పువ్వు దులిపి చూశాకే తెలిసింది. అందుకే నమ్మకం ఎంత ఉన్నా, ఒక మండలంలో ఒకే ఫిర్యాదు ఒక్కసారిగా పెరిగిందంటే మనిషిని చేలోకి పంపాలి. అది లెక్కగట్టి చెప్పడం మాత్రం మీ మెషిన్‌కే చేతనవుతుంది, నాకు కాదు.

ఓరుగల్లు పత్తి:
గట్ల చెప్పున్రి సారూ. ఆ ఏడు మా బామ్మర్ది తోట దున్నేసిండు.

కోడ్ కాపరి:
మండలం వారీగా పెరుగుదల. ఇది చేయొచ్చు, పెద్ద పని కూడా కాదు. రేపు మా టీమ్‌లో పెడతాను.

పాత ఏవో:
మిర్చి గారూ, ఈ ఏడు మీ తోట పూత మీదుందా? ఉంటే నాన్నగారికి ఫోన్ చేసి, తెల్ల కాగితం పట్టి నాలుగు పూలు దులపమనండి. పొద్దున్నే చూస్తే మంచిది.

పల్నాటి మిర్చి:
నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. ఇవాళ పొద్దున దులిపాడట, కాగితం లేక నా పాత పెళ్లి శుభలేఖ వెనకవైపు పట్టుకుని. నాలుగు పూలకి పదకొండు లెక్కపెట్టాడు, అన్నీ నల్లవే. ఈ పురుగుల్ని అంటించి పట్టే నీలం రంగు జిగురు అట్టలు నరసరావుపేటలో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.