పాపం కాని భారాన్ని ఎందుకు విడిచిపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ ప్రభువు నామమున వందనములు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం మొదటి వచనంలో "ప్రతి భారమును, సుళువుగా చిక్కులబెట్టు పాపమును" విడిచిపెట్టి పందెంలో ఓపికతో పరుగెత్తాలని ఉంది. పాపాన్ని విడిచిపెట్టడం గురించి సంఘంలో తరచుగా వింటూనే ఉంటాం కనుక దాని మీద నాకు సందేహం లేదు. నా సందేహమంతా భారం గురించే. ఉదయాన్నే వాక్యం చదువుదామని ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. బైబిల్ యాప్ తెరిచేలోపే ఎవరిదో మెసేజ్ కనబడుతుంది, దానికి జవాబిస్తే ఒక వార్త, ఆ వార్త నుంచి ఒక వీడియో, తలెత్తి చూసేసరికి ఆఫీసుకు వేళవుతుంది. చూసినవాటిలో చెడ్డదేమీ ఉండదు. అయినా నెలల తరబడి ఇలాగే గడిచేసరికి ప్రార్థన మీద ఆసక్తే సన్నగిల్లింది. పాపం కానిదాన్ని దేవుని ఎదుట ఏమని ఒప్పుకోవాలి? ఒప్పుకోవలసిందేమీ లేకపోతే విడిచిపెట్టమని ఎందుకు చెప్పినట్టు? ఫోన్ పక్కన పెట్టాలని తీర్మానించుకున్నప్పుడల్లా ఆ తీర్మానం కొద్ది రోజులకే నీరుగారిపోతోంది.

జవాబు 1:

ఆ పత్రిక ఎవరికి వ్రాయబడిందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఆ విశ్వాసులు ఒకప్పుడు నిందలు భరించినవారు, తమ ఆస్తి దోచుకోబడినా సంతోషంగా ఒప్పుకున్నవారు (10వ అధ్యాయం 32 నుంచి 34 వచనాలు). అంతటి శ్రమకు నిలబడినవారిలోనే కొందరు ఇప్పుడు సమాజంగా కూడుకోవడం మానేస్తున్నారు, చేతులు వడలిపోయి మోకాళ్లు సడలిపోతున్నాయి. అందుకే 2వ అధ్యాయం ఆరంభంలోనే, విన్న సంగతుల నుంచి కొట్టుకొనిపోకుండా జాగ్రత్తపడమని హెచ్చరిక ఉంది. కొట్టుకొనిపోయేవాడు ఏ ఒక్క రోజూ ప్రభువును విడిచి వెళ్లాలని నిర్ణయించుకోడు.

విత్తువాని ఉపమానంలో ముండ్లపొదల సంగతి కూడా ఇదే. లూకా 8వ అధ్యాయం 14వ వచనం ప్రకారం మొలకను అణచివేసేవి విచారాలు, ధనం, ఈ జీవితపు సుఖభోగాలు. వీటిలో ధనం దానంతట అదే పాపం కాదు, రేపటి గురించిన ఆలోచన బాధ్యత గల ఏ తండ్రికైనా ఉంటుంది. అయితే విత్తనానికి అందవలసిన సారాన్ని అవి లాగేసుకుంటాయి, ఫలం పరిపక్వం కాదు. కనుక "ఇందులో తప్పేముంది?" అన్న ప్రశ్న ఇక్కడ అంతగా పనికిరాదని నా అభిప్రాయం. పౌలు 1 కొరింథీయులకు 6వ అధ్యాయం 12వ వచనంలో తనకు స్వాతంత్ర్యం ఉందని ఒప్పుకుంటూనే, దేనికీ లోబడిపోనని అంటాడు. నేను దీన్ని వాడుకుంటున్నానా, ఇదే నన్ను ఏలుతోందా అని అడుగుకోవాలి.

ఇక ఏమని ఒప్పుకోవాలన్నారు. వార్త చదివినందుకు క్షమాపణ అడగనక్కరలేదు. దేవునితో గడపవలసిన వేళను అది మింగేస్తోందని తెలిసిన తరువాత కూడా దాన్నే పట్టుకుని ఉంటే మాత్రం, అది ఇక భారం మాత్రమేనని చెప్పడం కష్టం.

జవాబు 2:

పై సహోదరుడు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలిచాను. ఒకరికి భారమైనది మరొకరికి కాకపోవచ్చు, రోమీయులకు 14వ అధ్యాయం ఇటువంటి విషయాల్లో సహోదరునికి తీర్పు తీర్చవద్దంటుంది. తమ భారాన్ని సంఘమంతటికీ చట్టంగా మార్చినవారిని చాలామందిని చూశాం. "చేత పట్టుకొనవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు" వంటి విధులకు శరీరేచ్ఛను అణచే శక్తి లేదని కొలొస్సయులకు 2వ అధ్యాయం స్పష్టంగానే చెబుతోంది.

ధ్యాస చెదరడం ఫోన్‌తో పుట్టిన జబ్బు కూడా కాదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి మధ్యాహ్నపు విసుగు గురించి వ్రాశాడు. ఆ వేళ సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడట, తొమ్మిదవ గంటకు, అంటే మధ్యాహ్నం మూడింటికి, ఇంకా ఎంత ఉందోనని సూర్యుణ్ణి చూస్తాడట, సహోదరుడెవరైనా వస్తున్నాడేమోనని అటూ ఇటూ పరికిస్తాడట. ఆ గదిలో ఏ ఫోనూ లేదు.

మీ తీర్మానం ఎందుకు నిలవడం లేదంటే, ఫోన్ తీసేసిన చోట మరేదీ రావడం లేదు. మత్తయి 12వ అధ్యాయంలో ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంచిన ఇంటికి అపవిత్రాత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. హెబ్రీ పత్రిక విడిచిపెట్టమని చెప్పి ఆగిపోకుండా, యేసువైపు చూస్తూ పరుగెత్తమంటుంది. ఆయన కూడా తన యెదుట ఉంచబడిన ఆనందం కోసమే సిలువను సహించాడని ఆ వెంటనే వ్రాయబడి ఉంది. కనుక అచ్చు బైబిలు తీసుకుని, ఒక్క కీర్తనే అయినా పైకి వినబడేలా చదివి, అందులోని మాటలతోనే ప్రార్థన మొదలుపెట్టి చూడండి.

జవాబు 3:

పాపం విషయంలో సందేహం లేదని మీరు కాస్త త్వరగా దాటేశారేమో అనిపించింది. ప్రార్థనకు కూర్చోగానే ఎవరి ముఖమో గుర్తుకు వచ్చి, వారితో సమాధానపడాలనే ఆలోచన ఇష్టం లేక మనసు మరోవైపు పరుగెత్తడం చాలామందికి జరిగేదే. అప్పుడు ఫోన్ ఒక సాకు మాత్రమే. అదే 12వ అధ్యాయం 15వ వచనంలో చేదైన వేరు గురించిన మాట ఉంది. మీ విషయంలో అలా ఉందని నేననడం లేదు, ఒకసారి పరీక్షించుకోమంటున్నాను.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మూడవ జవాబు నన్ను ఇబ్బంది పెట్టింది, అందులో నిజముంది. ఒకరితో ఈ విషయం చెప్పుకోవాలని ఉంది గాని, సంఘంలో అందరి నోళ్లలో పడుతుందేమోనని వెనకాడుతున్నాను.

జవాబు 3 వ్రాసినవారు:

అందరికీ చెప్పనక్కరలేదు. పరిణతి గల, మాట దాచగల ఒక్క విశ్వాసిని ఎంచుకోండి. "నా కోసం ప్రార్థించండి" అని పైపైన చెప్పకుండా, ఎవరి మీద ఏ కోపం ఉందో, ఉదయం వేళ ఎలా చేజారుతోందో విడమరచి చెప్పండి. హెబ్రీయులకు 3వ అధ్యాయం 13వ వచనం ప్రతిదినం ఒకరికొకరు బుద్ధి చెప్పుకొమ్మంటుంది కాబట్టి, మరుసటి వారం తానే మిమ్మల్ని అడగాలని కూడా ఆయనతో ముందే చెప్పి ఉంచండి.