మామయ్య రోలై 35 కెమెరా లెన్సు లోపలికి పోవట్లేదు, పాడైందా?

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా మేనమామ పోయాక అత్త బీరువా సర్దుతుంటే రోలై 35 అనే పాత ఫిల్ము కెమెరా దొరికింది, తోలు కేసుతో సహా. అరచేతిలో ఇమిడిపోతుంది గానీ ఇనప ముద్దలా బరువు. లెన్సు బయటికి సాగే ఉంది, ఎంత తోసినా లోపలికి పోదు. వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదలదు. ఆన్‌లైన్‌లో ఫొటో పెడితే ఒకాయన "ఇది జర్మనీది కాదు బాబూ, సింగపూర్ అని రాసుంది, ఐదు వేలిస్తా" అన్నాడు. అమ్మే ఉద్దేశం లేదు, మహేంద్రతనయ ఒడ్డుకి పట్టుకెళ్లి నాలుగు ఫొటోలు తీసుకోవాలని ఆశ.

బరంపురం బాబాయ్:
ముందు ఆ తోయడం ఆపు తమ్ముడూ! షట్టరు బిగించి ఉంటేనే ఆ లెన్సు లోపలికి పోతుంది. రీలు ముందుకి జరిపి షట్టరు బిగించే లివరు ఎడమవైపు ఉంటుంది, ఒకసారి పూర్తిగా తిప్పి, పైనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని, లెన్సు గొట్టాన్ని తిప్పి మెల్లగా నెట్టు. నేనూ కొత్తలో ఇలాగే కంగారుపడి రిపేరు షాపుకి పట్టుకెళ్తే, ఆయన లివరు తిప్పి నా చేతికిచ్చి ఆరొందలు తీసుకున్నాడు.
మీటరుకి 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ కావాలి, అది ఇప్పుడు తయారు కావట్లేదు. అదే సైజు ఆల్కలైన్ వేస్తే 1.5 వోల్టులిస్తుంది, ముల్లు అబద్ధం చెప్తుంది. చెవి మిషన్లకి వాడే 675 బ్యాటరీని చిన్న రింగులో కూర్చి వేస్తే సరిపోతుంది. ఒక్క చిక్కు, బ్యాటరీ ఉండేది రీలు గదిలో. అంటే వెనక మూత తీయాలి, లోపల రీలుంటే వెలుతురు తగిలి అది కాస్తా పోతుంది.

రాయగడ రీలు:
సింగపూర్ అని చిన్నచూపు చూసేవాళ్ల మాట వదిలెయ్. కెమెరా ఇంజనీరు హైన్జ్ వాస్కే గీసిన డిజైనే, 1966లో కొలోన్‌లో జరిగిన ఫోటోకినా అనే కెమెరాల ప్రదర్శనలో బయటికొచ్చింది. జర్మనీలో కూలి ఖర్చు పెరిగి 70ల మొదట్లో తయారీని సింగపూర్‌కి మార్చారు. టెస్సార్ రకం లెన్సున్న నా సింగపూర్‌ది ఇప్పటికీ సూదిలా తీస్తుంది. సేకరించి అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకి ఊరి పేరు ముఖ్యం కావచ్చు, తీసేవాళ్లకి కాదు.
మీటరు లేదని టెన్షన్ వద్దు. 400 స్పీడు రీలు వేసి మండుటెండలో షట్టరు 1/500 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/16 పెట్టు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), చెట్టు నీడలోకి వస్తే ఎఫ్/5.6 దాకా తెరువు. దీంట్లో ఫోకస్ కంటికి కనపడదు, దూరం అంచనా వేసి తిప్పుకోవడమే. ఎఫ్/8లో 6 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే సుమారు మూడు మీటర్ల నుంచి అవతలి కొండ దాకా స్పష్టంగా వచ్చేస్తుంది. మనిషి మొహం దగ్గర్నుంచి తీయాలంటే మాత్రం అడుగులు లెక్కపెట్టుకోవాల్సిందే, నా మొదటి రీల్లో మా ఆవిడ మసక, వెనకున్న గోడ స్పష్టం.

గుణుపురం గురూ:
ఒక్క మాట. ఈ మీటరుకి స్విచ్ లేదు, వెలుతురు తగిలితే బ్యాటరీ తింటూనే ఉంటుంది, అందుకని కేసులో దాచమంటారు. కానీ మన వానల్లో ఆ తోలు తడి పట్టేసి లెన్సుకి బూజు తెస్తుంది. నాది అలాగే పాడైంది. బ్యాటరీ తీసేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకో.

పర్లాకిమిడి కుర్రాడు:
బాబాయ్ గారూ, దండం! లివరు తిప్పాను, లెన్సు చక్కగా లోపలికి పోయింది. కానీ తిప్పేటప్పుడు అడుగున రీలు వెనక్కి చుట్టే పిడి దానంతటదే తిరిగింది. అంటే లోపల రీలుంది కదా? కౌంటరు 14 చూపిస్తోంది.

బరంపురం బాబాయ్:
ఉంది. మూత తెరవకు! వెనక్కి పూర్తిగా చుట్టాకే తియ్యి, అదీ చీకటి గదిలో. నలుపు తెలుపైతే ఆశ ఉంది, డి-76 అనే డెవలపర్ మందులో నేనే కడిగిపెడతా, పట్టుకుని బరంపురం వచ్చెయ్.

పర్లాకిమిడి కుర్రాడు:
ఆదివారం వస్తున్నా. అత్తకి ఇంకా చెప్పలేదు.